అయిదింట్లో మాది ఏది

ముందు కత్తికి దణ్ణం పెట్టాలి, తర్వాతే చెయ్యి వెయ్యాలి, చేతిలో ఉన్నంతసేపూ నోరు మెదపకూడదు. నోటి తడి తగిలినా చాలు, తుప్పు పట్టేస్తుంది. ఈ మూడింట్లో నన్ను చంపేది ఆ మూడోది. నలభై ఏళ్ళుగా సెలూన్లో నిలబడి మాట్లాడుతూ బతికినదాన్ని, గంటసేపు నోరు కట్టుకోమంటే నాకు చెవుల్లోంచి ఆవిరొస్తుంది. ఒసాఫునెలో మా పేట భవనం మేడ మీద, కర్టెన్లు మూసేసిన చాపల గదిలో, తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద అయిదు కత్తులు, ఒక్కోదాని మీదికీ వేలాడుతూ ఒక్కో బల్బు, ముందు వరసగా మోకాళ్ళ మీద పద్నాలుగు మందిమి, పదముగ్గురు మగాళ్ళు, నేనొక్కత్తెను. కింద అంతస్తులో ఆడవాళ్ళ పాటల బృందం సాధన చేస్తోంది, అదే చరణం పదోసారి, అదే చోట తప్పు. అయిదు కత్తులకూ పిడులు తొడిగి ఉన్నాయి. పిడి లోపల దాక్కునే ఇనుప తోక మీదే చేసినవాడు తన పేరు చెక్కుకుంటాడు. ఆ తోక కనపడకుండా పిడి మీద తెల్లగుడ్డ చుట్టి బిగించారు. పేరు చూడకుండా కత్తిని మాత్రమే చూసి, ఇది ఫలానావాడి పని అని చీటీ మీద రాసి, ఆట నడిపే కషిమురా మాస్టారికివ్వాలి. నెలకో ఆదివారం మా కత్తుల సంఘం ఆడే ఆట ఇది. ఎప్పుడూ ఆటే. ఈ నెల మాత్రం నాకు ఆట కాదు, ఎందుకంటే ఈ అయిదింట్లో ఒకటి మాది. మాది ఏదో నాకు తెలియడం లేదు!

ఎంత సిగ్గుచేటు. నేను కాపురానికొచ్చిన ముప్ఫై ఎనిమిదేళ్ళుగా చూస్తున్న మా ఇంటి కత్తి, ఏడాదికి రెండుసార్లు నేనే తీసి నూనె రాసిన కత్తి, ఇప్పుడు నా ఎదురుగా పడుకుని ఉంటే గుర్తుపట్టలేకపోతున్నాను. గుర్తు ఎలా పడతాను, నాకు తెలిసిందంతా దాని తోకేగా, ఉడికించిన ఎర్రచిక్కుళ్ళ రంగు తుప్పు, ఆ తుప్పులో నాలుగు అక్షరాలు, బిజెన్ దేశపు హరుమోచి అని. బిజెన్ అంటే పాతరోజుల్లో మా ప్రాంతం పేరే, హరుమోచి ఇక్కడి పేరుమోసిన కత్తి పనివాడు. పైభాగమంతా పాత నూనె జిడ్డు, మచ్చలు, మసక. ఇప్పుడు కషిమురా మాస్టారు మూడు వారాలు కూర్చుని సానపట్టేసరికి దానికి కొత్త ముఖం వచ్చి ఉంటుంది. ఒకసారి పోస్టాఫీసు హిరాయామా గారికి ముప్ఫై ఏళ్ళ మీసం తీసేశాను. బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ వాళ్ళావిడ ఆయన పక్కనుంచే లోపలికొచ్చి, "మా ఆయన ఇంకా అవలేదా అండీ?" అని నన్నే అడిగింది. ఆవేళ ఆవిణ్ణి చూసి పొట్ట పట్టుకుని నవ్వాను. ఇవాళ ఆ వంతు నాది.

ఒకటో నంబరు. దణ్ణం. సన్నగా, పొడవుగా, పిడి దాటగానే వంగిపోయి చివరికి నిటారుగా సాగే కత్తి, ఇది సంఘందే, రెండేళ్ళ కిందట కూడా చూశాం, మాది కాదు. చీటీ మీద పేరు రాసేశాను. రెండోది దిట్టంగా, బరువుగా, అంచు మీద పెద్ద పెద్ద అలలు, మూడొందల ఏళ్ళ కిందటి పని, మాది ఇంత బరువుండదు, నా మణికట్టుకి తెలుసు. నాలుగోది మరీ పొట్టి. అంటే మూడు, అయిదు, ఈ రెంటిలో ఒకటి. మూడో నంబరు దగ్గర నిషిగాకి కూర్చుని లేవడం లేదు, సారా కొట్టు నిషిగాకి, మా సంఘం ఉపాధ్యక్షుడు, కత్తి పట్టుకున్నాడంటే ముక్కుతో బుసబుసా ఊపిరి తీస్తాడు, నోటి తడి తగలకూడదన్నారు గానీ ముక్కు గాలి గురించి ఎవరూ చెప్పలేదని కాబోలు. లేవయ్యా మహానుభావా, మోకాళ్ళు నొప్పులు ఇక్కడ. సరే, ముందు అయిదో దాన్ని చూస్తాను.

అయిదోది చేతిలోకి తీసుకున్నాను. అదే పొడవు. అదే బరువులా ఉంది. బల్బు వెలుగులోకి ఎత్తి, మొన నుంచి కిందికి మెల్లగా కళ్ళు జారుస్తుంటే, మొనకి రెండంగుళాల కింద చిన్న గుంట, మసూచి మచ్చంత. మా కత్తికి సరిగ్గా అక్కడే తుప్పు మచ్చ ఉండేది! సాన పడితే తుప్పు పోయి గుంట మిగులుతుంది కదా. అదే. ఇదే మాది. దొరికావమ్మా. ఎంత సంతోషం వేసిందో, పిచ్చిదానిలా కత్తిని చూసి నవ్వాను, పక్కనున్న స్టేషన్ మాస్టారు నా వంక అనుమానంగా చూశాడు. ఆ సంతోషం ఎంతసేపు, రెండు గుక్కలసేపు. తర్వాత నా కళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇనుము కాస్త తెల్లబడి పొడిగా ఉంది. పొరలు ముతకగా ఉన్నాయి. అంచు గీత చురుకుగానే ఉంది, మంచి కత్తే, తెగే కత్తే, పొలం పనికి పోయే మనిషిలా నిబ్బరంగా ఉంది. కానీ ఇది బిజెన్ కత్తి కాదు. ఎక్కడో దూరాన మినో దేశపు పని. హరుమోచి దీన్ని ముట్టుకుని కూడా ఉండడు.

అంటే టోక్యో పెద్దలు చెప్పిందే నిజం. కత్తి అసలైనదేనని వాళ్ళిచ్చే కాగితం కోసం రెండుసార్లు పంపాం, రెండుసార్లూ ఒకే జవాబు, పేరు నమ్మదగ్గట్టు లేదు అని. హరుమోచి ఉలి దెబ్బలు లోతుగా, పొడుగ్గా ఉంటాయట, మా దాని మీదవి పైపైన, దగ్గరదగ్గరగా ఉన్నాయట. నిషిగాకి ఆవేళ సెలూన్లో కుర్చీలో వెనక్కి వాలి తీర్పు చెప్పేశాడు: "దొంగపేరండీ. ఎవడో మధ్యలో చెక్కేశాడు. ఆకురాయితో గీకించేసి, పేరులేని కత్తిగా పంపండి, కాగితం పరుగెత్తుకుంటూ వస్తుంది. అందరం చేసేదే." అందరూ చేసేదే, నిజమే, కాదనను. కానీ గీకేశాక ఆ పేరు నిజమైనదని తేలితే? మళ్ళీ అతికించడానికి అదేమన్నా గోడమీద కాగితమా. నేను వద్దన్నాను. మా ఆయన తెయిజి మాత్రం గీకించెయ్యాల్సిందే అన్నాడు. రేపు సోమవారం, సెలూన్లకి సెలవు, పొద్దున్న పదింటికి ఆకురాయి మనిషి దగ్గరికి వస్తామని చెప్పేశాడు కూడా.

అంత మంకుపట్టు ఎప్పుడూ పట్టని మనిషి. ఆ కత్తంటే తెయిజికి ప్రాణం. వాళ్ళ తాత తమెజో, యుద్ధం అయిపోయాక అమెరికా సైనికులు ఇంటింటికీ తిరిగి కత్తులు పోగేసుకుపోతుంటే, దాన్ని గుడ్డలో చుట్టి సెలూన్ బయట నిలబడే ఎరుపు తెలుపు నీలం చారల స్తంభంలో దాచేశాడు. ఆ సైనికులే క్షవరానికి వచ్చి, స్తంభానికి ఆనుకుని సిగరెట్లు కాల్చుకునేవాళ్ళట. తమెజో లోపలినుంచి చూస్తూ, చెమటలు కక్కుతూ, వాళ్ళ తలలు దువ్వేవాడట. ఈ కథ తెయిజి వెయ్యిసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ సైనికులు ఇద్దరేసి పెరుగుతారు. అలాంటి మనిషి ఇప్పుడు, "దొంగపేరున్న వస్తువు నా ఇంట్లో వద్దు" అంటాడు. ఒకరోజు పొద్దున్న దుకాణం తియ్యకముందు, కుర్చీ తుడుస్తూ, తల ఎత్తకుండా అన్నాడు, "ఒకరి పని మీద ఇంకొకరి పేరు. అది దొంగతనమేనే మినేకో." తుడిచే గుడ్డ ఆయన చేతిలో వణుకుతోంది. ఆయన కత్తి గురించి మాట్లాడడం లేదని నాకప్పుడు అర్థమైంది, టీ పెడతానని లోపలికి పోయాను.

ఆరేళ్ళైంది ఆయన చెయ్యి వణకడం మొదలై. కత్తెర ఫరవాలేదు, మిషన్ ఫరవాలేదు, గడ్డం కత్తి మాత్రం పట్టలేడు. ఊళ్ళో గడ్డానికి తెయిజి చెయ్యే చెయ్యి, ఒకాయమా పట్నం నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. అందుకని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. కుర్చీ వెనక్కి వాలుస్తాడు, నురగ పూస్తాడు, వేడి తువ్వాలు కళ్ళ మీద వేస్తాడు, తర్వాత చెవి దగ్గర నిలబడి బేస్‌బాల్ కబుర్లు చెబుతూ ఉంటాడు, అవతలి వైపు నుంచి నేను వచ్చి గీస్తాను. గొంతు ఆయనది, కత్తి నాది. అయిపోయాక బుగ్గ తడుముకుని, "తెయిజి గారి చెయ్యే వేరండీ" అంటారు. నేను నేల ఊడుస్తూ ఉంటాను. నాకైతే భలే నవ్వొచ్చేది, నిజం చెబుతున్నాను, ఒక్కరోజు కూడా బాధ కలగలేదు. అందరికన్నా గట్టిగా మెచ్చుకునేది ఈ నిషిగాకే, వారం విడిచి వారం శనివారం వస్తాడు, "పేరు దాచి ఏ పని చూపించినా ఎవరి చెయ్యో చెప్పేస్తాను నేను" అని ఊరంతా టాంటాం వేసుకునే మనిషి, ఆరేళ్ళుగా నా చెయ్యి కింద మెడ పెట్టి తెయిజిని పొగుడుతున్నాడు. ఆ పొగడ్త వింటూ తెయిజి తువ్వాళ్ళు మడతపెడుతూ ఉంటాడు, ఒకే తువ్వాలు మూడుసార్లు.

అందుకే ఈ పేరు నిజం కావాలని నాకింత ఆరాటం, పోనీ అబద్ధమే అయితే ఆ ముక్క నా నోటితోనే ఆయనకి చెప్పాలని ఆరాటం. మాస్టారిని అడిగితే చెప్పరు. సాన పట్టి కళ్ళారా చూసిన మనిషి, చెప్పొచ్చుగా, చెప్పరే! "నేను చెబితే మీరు చెవుల్తో వింటారమ్మా. పన్నెండేళ్ళుగా సంఘానికొస్తున్నారు, మీ కళ్ళు దేనికి మరి? ఇన్నాళ్ళూ పేరు చదివి కత్తిని చూశారు. ఒక్కసారి పేరు లేకుండా చూడండి. ఆదివారం అయిదింట్లో కలిపి పెడతాను, ఎవరికీ చెప్పను. మీ చీటీ మీద దానికి మీరేం రాస్తే దాన్నిబట్టి నిర్ణయించుకోండి" అన్నారు. ఎనభైకి ఒకటి తక్కువ వయసు, ఆ చిలిపితనం ఏమిటో. సరే అన్నాను. అన్నందుకు ఇదిగో, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. అయిదు అని అంకె వేసి దాని పక్కన ఖాళీ. హరుమోచి అని రాస్తే ఏం పోయింది, ఎవరు చూడొచ్చారు, తమెజో తాత సంతోషిస్తాడు. చెయ్యి రాదే. కళ్ళు చూసింది చెయ్యి రాయాలిగా. మినో దేశపు కత్తిపని వాళ్ళలో నాకు తోచిన పేరు రాశాను. రాస్తుంటే పెన్సిల్ ముక్కు విరిగింది, ఇంకోటి తీసుకున్నాను. కింద పాటలవాళ్ళు ఈసారి తప్పు లేకుండా దాటేశారు, చప్పట్లు కూడా కొట్టుకున్నారు. నా బాధలో వీళ్ళ సంబరమొకటి.

మూడోది చూడనేలేదు ఇంకా. నిషిగాకి ఎట్టకేలకు లేచాడు, లేస్తూ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు, చూడండి చూడండి అన్నట్టు. దణ్ణం పెట్టి ఎత్తాను. ఎత్తాక ఏమైందో చెప్పడం నాకు చేతకాదు. అమ్మయ్యో అనుకున్నాను మనసులో, అంతే. ముందు బరువే తెలియలేదు, చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఇనుము తడిగా ఉందేమోననిపించేంత మెత్తన. బల్బు వెలుగుని అంచు మీదికి జార్చుకుంటే తెల్లటి గీత, చిన్న చిన్న మొగ్గలు గుంపులుగా, ఒక్క మొగ్గ ఇంకోదానిలా లేదు. ఆ గీతకి పైన, నల్లటి ఇనుములో, అద్దం మీద ఊపిరి ఊదితే మిగిలే ఆవిరిలా ఒక మసక నీడ, మొదలునుంచి మొన దాకా. ఆ నీడ బిజెన్ కత్తికి తప్ప రాదు. మా యొషీ నది ఇసుక, మా కొండల బొగ్గు, ఇక్కడి మనుషులు. సెలూన్ లేదు, తెయిజి లేడు, మోకాళ్ళ నొప్పి లేదు, దాన్ని చూస్తూ ఉండిపోయాను. ఎవరిది ఇది, ఏ అదృష్టవంతుడి ఇంట్లో ఉందో! చూడగా చూడగా ఒక్కటి మాత్రం అనిపించింది, ఈ పని చేసిన మనిషికి తొందర లేదు. ఎవరికో చూపించాలన్న ఆత్రం కూడా లేదు. మంచి పనివాళ్ళు అక్కడక్కడా కాస్త గొప్ప చూపిస్తారు, ఇదిగో నేను అన్నట్టు ఒక విసురు విసురుతారు, పుస్తకాల్లో చూసిన హరుమోచి కత్తుల్లో ఆ విసురుంటుంది. ఇందులో అది తప్ప మిగతా అంతా ఉంది.

చీటీ మీద మూడు అని వేసి హరుమోచి అని రాయబోయి ఆగిపోయాను. ఇది హరుమోచి అయితే, అయిదోది, అంటే మాది, కానే కాదని నా చేత్తో నేనే రెండోసారి రాసినట్టు. మనసొప్పలేదు. ఒట్టి అసూయ, దాచడమెందుకు. ఆయన పేరు మానేసి ఆయన తర్వాతి తరంవాడి పేరొకటి రాసి, చీటీ మాస్టారి ముందు పెట్టాను. మాస్టారు కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, ఎర్ర పెన్సిల్‌తో ఒక్కో పేరు పక్కనా జవాబు రాసి తిప్పి ఇచ్చారు. ఒకటి, తగిలింది. రెండు, కాదు. మూడు, దారి సరే, అంటే ఊరు సరే మనిషి కాదు అని. నాలుగు, కాదు. అయిదు, తగిలింది.

అయిదు తగిలింది. ఎప్పుడూ అన్నిటికన్నా కష్టమైనదే పెట్టే అయిదో నంబరుని మొదటి చీటీకే కొట్టడం పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి, మామూలుగా అయితే ఎగిరి గంతేసేదాన్ని. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కత్తి దగ్గర మాట్లాడకూడదన్నారు గానీ ఏడవకూడదని చెప్పలేదు, అయినా తడే కదా, వెనక్కి జరిగి చేతిరుమాలు తీసుకున్నాను. సరే, తేలిపోయింది. మాది మినో కత్తి, బిజెన్ పేరు తగిలించుకుని తిరిగింది. రేపు పదింటికి వెళ్దాం. గీకించేద్దాం. తెయిజికి ఎలా చెప్పాలి? నువ్వన్నదే నిజమయ్యా, దొంగపేరే అని చెబితే, ఆయన తల ఊపి, చూశావా అని, తన చేతుల వంక చూసుకుంటాడు. అది నేను చూడలేను.

మనిషికి మూడు చీటీలు, ఇంకా రెండున్నాయి, ఆట ఆడక తప్పదు. మళ్ళీ మూడో దాని దగ్గరికే వెళ్ళాను. ఇప్పుడిక అసూయ పడి లాభం లేదు, ఉన్నదున్నట్టు రాయడమే. రెండోసారి ఎత్తితే మొదటిసారికన్నా బాగుంది. హరుమోచి. తిన్నగా రాసేశాను. మాస్టారు చీటీ చూసి, నన్ను చూసి, మళ్ళీ చీటీ చూసి, చాలాసేపు పెన్సిల్ ఆడించి రాశారు. తగిలినట్టే. ఇదేమిటి? తగిలింది వేరు, తగిలినట్టే వేరు. తగిలినట్టే అంటే, ఆ మనిషి కాదు గానీ ఆ మనిషి కిందే లెక్క, ఆ ఇంటివాడే, మార్కులు మాత్రం పూర్తిగా ఇస్తారు. హరుమోచి కాకుండా హరుమోచి లెక్కలోకి వచ్చేది ఎవరు? పక్క నుంచి నిషిగాకి చీటీలోకి తొంగి చూశాడు, అతనిదీ అదే పేరు, అతనికీ అదే జవాబు, మొహం కందగడ్డలా ఉంది.

బల్ల దగ్గర్నుంచి అందరం వెనక్కి జరిగాక మాస్టారు గుడ్డలు విప్పడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, గొణుగుళ్ళు, నవ్వులు. నాకేం వినపడడం లేదు, నా కళ్ళన్నీ అయిదో దాని మీదే. మాస్టారు మూడో దాని మేకు తట్టి, పిడి ఊడదీసి, తోకని వెలుగులో పెట్టారు. ఉడికించిన ఎర్రచిక్కుళ్ళ రంగు. నాలుగు అక్షరాలు.

"అది మాది!" అని అరిచేశాను. గదంతా నా వైపు తిరిగింది. "అది మాదండీ! మా ఇంటిది!"

"మీదేనమ్మా," అన్నారు మాస్టారు. "అయిదోది సంఘం కొత్తగా కొన్నది. మీ కత్తి మీద తుప్పు మచ్చ సానకే పోయింది, గుంట పడలేదు."

"ఇదేం చోద్యం! సొంత కత్తిని పోల్చుకోలేదా మీరు?" అంటూ నిషిగాకి పగలబడి నవ్వాడు. పదముగ్గురూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే అడిగాను, "మరి తగిలినట్టే అన్నారేం మాస్టారూ? పేరు నిజమా, కాదా?"

మాస్టారు తోకని నాకందించారు. "ఈ అక్షరాల లోపల తుప్పు చూడండి. బయట తుప్పు ఎంత పాతదో లోపలిదీ అంతే. మధ్యలో ఎవరో చెక్కి ఉంటే ఆ గాడి తుప్పు వేరేగా ఉండేది. ఈ కత్తీ ఈ పేరూ ఒకే రోజు పుట్టాయి, హరుమోచి కొలిమిలోనే పుట్టాయి. కానీ చెయ్యి ఆయనది కాదు. ఆయన చాలా ఏళ్ళు బతికాడమ్మా. ముసలితనంలో సుత్తి ఎత్తలేడు, ఉలి పట్టలేడు. ముప్ఫై ఏళ్ళు పక్కన నిలబడి పనిచేసినవాళ్ళెవరో కత్తి కొట్టి, ఆయన పేరు చెక్కారు. ఆయన ఒప్పుకునే చెక్కారు. ఆ రోజుల్లో అది మామూలే. టోక్యోవాళ్ళు ఉలి దెబ్బలు ఆయనవి కావన్నారు, తప్పు చెప్పలేదు. నేను దొంగపేరంటే మాత్రం ఒప్పుకోను."

"ఎవరండీ ఆ మనిషి?"

"తెలీదు. తన పేరు ఎక్కడా పెట్టుకోలేదు."

నిషిగాకి గొంతు సవరించుకున్నాడు. "అదంతా సరే మాస్టారూ. కానీ ఈ పేరుంటే కాగితం మాత్రం రాదు. మినేకో గారూ, నా మాట వినండి, మీ మంచికే చెబుతున్నా. గీకించెయ్యండి. పేరు లేకపోతే ఈ పనికి మొదటి రకం కాగితం వస్తుంది, ఇప్పుడే రాసిస్తాను." అతను చెప్పింది అబద్ధం కాదు. మాస్టారు కూడా తల ఊపారు, అవును, వస్తుంది. నేను తోకని బల్బు దగ్గరికి జరుపుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ అక్షరాలు చదివాను గానీ ఆ దెబ్బలు ఎప్పుడూ చూడలేదు. పైపైన, దగ్గరదగ్గరగా, జాగ్రత్తగా, ఒక్కటి కూడా దారి తప్పకుండా. పేరు ముసలాయనది. ఆ దెబ్బలు మాత్రం ఆ పక్కమనిషివి. ఆయన పేరుకేం, పుస్తకాల్లో ఉంది, గుళ్ళల్లో ఉంది, ఇక్కడ గీకేస్తే ఆయనకి పోయేదేమీ లేదు. పోయేది ఈ మనిషి చెయ్యి. ఈ నాలుగక్షరాలు తప్ప ఆ మనిషి చేతిరాత భూమ్మీద ఇంకెక్కడా ఉండకపోవచ్చు.

"ఉండనివ్వండి," అన్నాను.

"కాగితమో?" అన్నాడు నిషిగాకి.

"కాగితం లేకుండా ఇన్నాళ్ళూ స్తంభంలో కూడా ఉంది మా కత్తి. ఉండనివ్వండి."

మెట్ల మీదికి వచ్చి సెలూన్‌కి ఫోన్ చేశాను. ఎండ కళ్ళల్లో పొడిచింది, పాటలవాళ్ళు చెప్పులేసుకుని ఒకళ్ళమీదొకళ్ళు పడి నవ్వుకుంటూ వెళ్తున్నారు. తెయిజి ఒక్క మోతకే ఎత్తాడు, ఫోన్ పక్కనే కూర్చున్నాడన్నమాట.

"ఏమైందే? చెప్పెయ్. నేను గట్టిగానే ఉన్నాను."

"ముందిది విను. మన కత్తిని నేను పోల్చుకోలేదు. ఊరందరి ముందూ."

"ఏడిశావులే. పేరు సంగతి చెప్పు."

"పేరు హరుమోచిదే. చెక్కింది ఆయన కాదు. కత్తి కొట్టిందీ ఆయన కాదు. పక్కనుండే మనిషి."

వెనకాల రేడియోలో బేస్‌బాల్ గోల. "అంటే దొంగపేరేగా," అన్నాడు.

"కాదయ్యా. ఆయన చెయ్యి ఆడనప్పుడు, ఆయన ఇంట్లోనే, ఆయన చూస్తుండగానే చేసిన పని. మాస్టారు తగిలినట్టే అని ఎర్ర పెన్సిల్‌తో రాశారు, పూర్తి మార్కులు."

"ఆయన చూస్తుండగానా?"

"ఆ. పక్కనే కూర్చుని వాగుతూ ఉండి ఉంటాడు."

నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. రేడియో ఆగిపోయింది, ఆయనే ఆపినట్టున్నాడు. "మినేకో," అన్నాడు. "ఆ పక్కమనిషికి కోపం వచ్చి ఉండదంటావా? అంతా తను చేసి, పేరు ఇంకొకరిదైతే?"

"నువ్వా కత్తిని చూడలేదు కాబట్టి అడుగుతున్నావు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "కోపం ఉంటే అంత బాగా చేస్తారటయ్యా?"

అవతలి నుంచి ముక్కు చీదిన చప్పుడు.

"అయితే రేపు పదింటికి వెళ్ళక్కర్లేదన్నమాట," అన్నాడు తెయిజి.

"వెళ్ళక్కర్లేదు. పొద్దెక్కేదాకా పడుకో."